సుంకం కట్టిన గోడలు



కొనకనమిట్ల, పొదిలి, తర్లుపాడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు... మీరు ఏ ఊళ్లో కూర్చుని వింటున్నా సరే, ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలని ఉంది. మీ బజారులో గుడినీ మసీదునూ పక్కన పెడితే అన్నిటికన్నా పాత కట్టడం ఏది? దాన్ని ఎవరు కట్టించారు? అందులో మొదట ఏం నడిచింది?

గుడి సంగతి అడిగితే మనం తడుముకోకుండా చెబుతాం. మార్కాపురం చెన్నకేశవస్వామి స్థలపురాణం చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంభం చెరువు మాటెత్తితే గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని వెంటనే అంటాం. కానీ గుడి ముందున్న వీధి మాటేమిటి? బండ్లు విప్పిన చావిడి, బాటసారులు పడుకున్న సత్రం, కల్లు తాగిన పందిరి, కాఫీ తాగిన హోటలు... వీటి గురించి అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం.

ఇంగ్లండులో ఇలా ఉండదు. అక్కడ సంత ఊళ్లని కొన్ని ఉంటాయి. వారానికి ఒక రోజు సంత పెట్టుకోవడానికి రాజుగారి అనుమతి పత్రం పొందిన ఊళ్లు అవి. లడ్‌లో అనే ఊరు అలాంటిదే. ఆ ఊళ్లో ఫెదర్స్ అనే హోటలు ఉంది. నల్లటి కర్రదూలాలు, నడుమ తెల్లటి గోడలతో కళ్లు చెదిరే ముఖద్వారం దానిది. 1619లో ఒక వకీలు తన ఇల్లుగా కట్టుకున్నాడు. 1670 ప్రాంతంలో అది పూటకూటి ఇల్లుగా మారింది, నేటికీ నడుస్తోంది. అదే ఊళ్లో 1740లలో కట్టిన మరో భవనం ఉంది. కింద స్తంభాల నీడన వెన్న అమ్మేవారు, పైన ఊరి వ్యవహారాలు నడిచేవి. అలాంటి ఊళ్లో పబ్బు, అంటే బీరు తాగుతూ కూర్చుని కబుర్లాడుకునే ఇల్లు, కనీసం నాలుగైదు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక చరిత్ర. ఏ సంవత్సరం ఎవరు నడిపారో, ఎవరి తర్వాత ఎవరి చేతికి వచ్చిందో వరసపెట్టి చెప్పేస్తారు.

వాళ్లకు చరిత్ర మీద మనకన్నా ప్రేమ ఎక్కువా? నేనలా అనుకోను. వాళ్ల పబ్బుల చరిత్రను రాసిపెట్టింది ఊరివాళ్ల అభిమానం కాదు, సర్కారు ఖజానా. 1393లో రెండో రిచర్డు రాజు లండనులో బీరు అమ్మే ప్రతి ఇంటి ముందూ ఒక గుర్తు వేలాడదీయాలని శాసించాడు. తనిఖీదారు వచ్చి సరుకు రుచి చూడాలంటే ఇల్లు తెలియాలి కదా! నేటికీ పబ్బుల ముందు ఊగే బొమ్మల పలకల వెనక ఆ తనిఖీ ఉంది. 1552లో చట్టం వచ్చి, ఊరి న్యాయాధికారుల దగ్గర లైసెన్సు లేనిదే బీరు ఇల్లు నడపకూడదంది. 1577లో దేశంలోని బీరు ఇళ్లనూ పూటకూళ్ల ఇళ్లనూ లెక్క రాయించారు, వాటి మీద పన్ను వేయాలన్న ఆలోచనతోనే. 1830లో మరో చట్టం వచ్చి, రెండు గినీలు కట్టిన ప్రతి ఇంటివాడూ బీరు కాచి అమ్ముకోవచ్చంది. అలా ప్రతి మలుపులోనూ ఒక కాగితం పుట్టింది. నేటి చరిత్రకారుడు చదువుతున్నది ఆ కాగితాన్నే.

మరి మన దగ్గర పన్నులు లేవా? లేకేం! మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలో 1555 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగరంలో సదాశివరాయలు సింహాసనం మీద ఉన్న కాలం అది. కొచ్చెర్లకోట, దూపాడు వంటి సీమల్లో వసూలయ్యే సుంకాలను స్వామివారికి రాసిచ్చినట్టు ఆ శాసనం చెబుతుంది. అవి ఒకే రకం సుంకాలు కావు. మార్గ సుంకం, స్థల సుంకం, మామూలు సుంకం అని మూడు. మార్గ సుంకం ఊరి మీదుగా పోయే సరుకు మీద, స్థల సుంకం ఊళ్లో దిగి అమ్ముడుపోయే సరుకు మీద. భక్తులు ఆ రాయిని చూసి దండం పెట్టుకుని వెళ్తారు. కానీ దాన్ని వ్యాపారి కళ్లతో చదివి చూడండి. సుంకం రావాలంటే దారి ఉండాలి. దారిలో బండ్లూ పెరికె ఎడ్లూ నడవాలి. వాటిని ఆపడానికి ఒక చావిడి, చావిడిలో ఒక లెక్కగాడు ఉండాలి. ఎడ్లకు నీళ్లు, మనుషులకు కూడు, రాత్రికి తల దాచుకునే చోటు ఉండాలి. అంటే నాలుగున్నర శతాబ్దాల కిందటే ఈ మెట్ట ప్రాంతంలో చురుకైన బజారు దారులున్నాయని ఆ రాయి సాక్ష్యం చెబుతోంది.

ఆ దారుల్లో ఏం నడిచింది? తూర్పున సముద్రం, పడమట నల్లమల. ఒంగోలు తీరాన కనుపర్తి వైపు కొటారుల నుంచి ఉప్పు పైకి రావాలి. లంబాడీలు ఎడ్లమీద ఉప్పు పెరికెలు వేసుకుని పడమటి సీమకు తోలుకుపోయేవారు. తిరుగుదారిలో ధాన్యం, పత్తి తెచ్చేవారు. గిద్దలూరు దాటి నంది కనుమ ఎక్కితే నంద్యాల సీమ. సముద్రానికీ ఆ సీమకూ నడుమ మన ఊళ్లన్నీ మజిలీలే. 1844లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఈ దారి సుంకాలను ఎత్తేసింది. సరుకుకు దారి సులువైంది గానీ, సుంకపు చావిళ్లకు పని పోయింది. చావిడి ఖాళీ అయ్యాక గోడ ఎంతకాలం నిలుస్తుంది? ఊరివాళ్లకు ఆ రాళ్లతో ఎప్పుడూ ఏదో ఒక అవసరం ఉంటుంది.

ఇప్పుడు కల్లు దుకాణం దగ్గరికి వద్దాం. పెద్దవాళ్లు నొసలు చిట్లించకండి! ఇంగ్లండు ఊరి చరిత్రలో పబ్బుకున్న చోటు మన ఊరి చరిత్రలో కల్లు దుకాణానికి ఎందుకు దక్కలేదన్నది ఆలోచించదగ్గ ప్రశ్నే. కల్లు మీద పన్ను లేకపోవడం వల్లా? కాదు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం గీసే చెట్టు మీదా, అమ్మే దుకాణం మీదా పన్ను వేసింది. కాగితాలకు కొదవ లేదు. మరి కట్టడం ఎందుకు మిగల్లేదు?

తేడా అంతా లైసెన్సు ఇచ్చే తీరులో ఉంది. ఇంగ్లండులో లైసెన్సు ఒక ఇంటిని అంటిపెట్టుకుని ఉండేది. ఏటా తిరగరాయించుకోవచ్చు. తండ్రి తర్వాత కొడుకు, భర్త పోతే భార్య అదే ఇంట్లో వ్యాపారం సాగించవచ్చు. కాబట్టి ఇటుక పెట్టి కట్టుకున్నారు, పొగగొట్టం వేసుకున్నారు, గుర్రాలకు కొట్టం కట్టారు. మన దగ్గర దుకాణం పాటకు పోయేది. ఈ ఏడు పాడుకున్నవాడు వచ్చే ఏడు ఉంటాడో లేదో! ఎవరు ఎక్కువ పాడితే వాళ్లదే హక్కు. అలాంటప్పుడు గోడ కట్టేంత పిచ్చివాడెవడు? నాలుగు గుంజలు, ఒక తాటాకు పందిరి, కింద కుండలు, పక్కన ముంతలు. అంతే దుకాణం. పాట పోతే పందిరి పోతుంది. మన దగ్గర తాగే చోటుకు పునాది లేకపోవడం మన అలవాట్ల వల్ల వచ్చింది కాదు, వేలంపాట వల్ల వచ్చింది.

దానికి తోడు నిషేధాలు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఆ చట్టం నడిచింది. ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది ఈ మద్యనిషేధం ప్రశ్న మీదనే. అదీ ఒక్క ఓటు తేడాతో! నిషేధం వల్ల గీత వృత్తివాళ్ల బతుకు ఏమవుతుందన్నది ఆనాటి వాదాల్లో పెద్ద భాగం. 1969లో నిషేధం ఎత్తేశారు. సారా పాటలు మళ్లీ మొదలయ్యాయి, కాంట్రాక్టర్లు బలిశారు, ఎన్నో ఇళ్లు గుల్లయ్యాయి. 1990ల మొదట్లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం రాష్ట్రమంతటా ఆగిపోయింది. ఇంగ్లండు ఊరివాళ్లు తమ పబ్బు మూతపడుతుందంటే కన్నీళ్లు పెట్టుకుంటారు. మన ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించి పండగ చేసుకున్నారు. రెండూ నిజమే. పొలం కూలి సగం కొట్టులో దిగిపోయే చోట, ఆ కొట్టును మురిపెంగా తలుచుకోమని ఎవరినీ అడగలేం. కానీ ఆడవాళ్లు గెలిచిన చోటు ఏదో, ఏ కొట్టు ముందు కూర్చుని మూయించారో రాసిపెట్టుకోవడం మన పనే. అది కూడా ఊరి చరిత్రే కదా!

మరి మన ఊళ్లలో పదిమంది కూర్చున్న చోటు ఏది? అరుగు, రచ్చబండ, చలివేంద్రం, సత్రం, ఆ తర్వాత కాఫీ హోటలు. వీటిలో సత్రాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మన దారులు ఉప్పు దారులే కావు, యాత్ర దారులు కూడా. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా కొండెక్కే దారిలో శివరాత్రికి జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. ఈ యాత్రికులకు అన్నం పెట్టడానికీ, చాప పరచడానికీ పుణ్యాత్ములు సత్రాలు కట్టించారు, మాన్యాలు రాసిచ్చారు.

సత్రాల సంగతులు కావాలంటే 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యను తలుచుకోవాలి. ఆయన శ్రీశైలం వెళ్లింది అహోబిలం, మహానంది వైపు నుంచి, అంటే నల్లమలకు అవతలి పక్క నుంచి. మన ఊళ్లు ఆయన దారిలో పడలేదు. అయినా ఆయన చూసిన చూపు మనకు పనికొస్తుంది. ప్రతి మజిలీలో సత్రం ఉందా, నీళ్లు మంచివేనా, అంగళ్లలో ఏ సరుకులు దొరుకుతాయి, సుంకం ఎంత గుంజారు అని ఓపిగ్గా రాసుకున్నాడు. మన తూర్పు దారిన అలాంటి వీరాస్వామయ్య ఒక్కడు వచ్చి ఉంటే ఈ ప్రసంగంలో నేను చెప్పే సంగతులు పదింతలయ్యేవి.

సత్రం అంటే అందరిదీ అనుకోకండి. చాలా సత్రాలు ఒక్కొక్క కులానివి. పాత కాఫీ హోటళ్లలో కూడా బ్రాహ్మలకు వేరే పంక్తులుండేవి. టీ కొట్టులో దళితుడికి వేరే గ్లాసు పెట్టి, తాగాక అతనిచేతే కడిగించిన రోజులు మన పెద్దల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. ఇంగ్లండు పబ్బులు కూడా తక్కువేం తినలేదు. కూలివాళ్లకు ఒక గది, దొరబాబులకు మెత్తటి కుర్చీలున్న ఇంకో గది. ధర వేరు, తలుపు వేరు. పాత కట్టడం గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆ రెండో తలుపు ఎక్కడుందో కూడా చూపించాలి. లేకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త.

ఇక రైలు. 1880లలో సదరన్ మరాఠా రైల్వే వాళ్లు గుంతకల్లు నుంచి బెజవాడకు మీటర్ గేజి దారి వేస్తూ నల్లమలను తొలిచారు. బొగద దగ్గర సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన. ఆ దారి గిద్దలూరు, కంభం, తర్లుపాడు తాకుతూ వచ్చింది గానీ మార్కాపురం బజారులోకి రాలేదు. స్టేషను ఊరికి దూరంగా పడింది. అందుకే నేటికీ దాని బోర్డు మీద మార్కాపూర్ రోడ్ అని ఉంటుంది. రైలు ఊరి గుమ్మంలో ఆగకపోవడం ఒక రకంగా మార్కాపురం పాత వీధికి మేలే చేసింది. గుడి చుట్టూ ఉన్న బజారు అక్కడే మిగిలింది, స్టేషను వెంట పరుగెత్తలేదు.

దొనకొండ కథ దీనికి తలకిందులు. అది అచ్చంగా రైలు పెంచిన ఊరు. మీటర్ గేజి రోజుల్లో ఇంజన్లకు నీళ్లూ బొగ్గూ అందించిన చోటు. రెండో ప్రపంచయుద్ధం నాడు అక్కడే విమానాలు దిగడానికి మైదానం వేశారు. 1990లలో దారి బ్రాడ్ గేజిగా మారింది. దొరబావి వంతెన మీద రైలు నడవడం ఆగింది, దొనకొండలో ఆ సందడి తగ్గింది. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. గుర్రపు బండ్లు మార్చుకునే పెద్ద పెద్ద పూటకూళ్ల ఇళ్లు రైలు వచ్చిన కొద్ది ఏళ్లకే వెలవెలపోయాయి. కొన్ని కూలాయి, కొన్ని వేరే పనికి ఒదిగి బతికాయి. దారి పోయినా కొత్త పని దొరికిన కట్టడమే మిగులుతుంది.

మన ప్రాంతానికి ఇంకో చిత్రమైన సంగతి ఉంది. ఇంగ్లండు పాత ఊళ్ల కప్పుల మీద పరిచిన పలకరాయిలో చాలా భాగం వేల్స్ కొండల్లోంచి తవ్వింది. అదే జాతి రాయి మన మార్కాపురం నేలలో ఉంది. మనం దాన్ని కప్పు మీద వేసుకోలేదు. కర్ర చట్రం బిగించి పిల్లల చేతిలో పెట్టాం. దేశమంతా ఎంతమంది మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దారో లెక్కలేదు. ఇళ్ల గోడలకూ కప్పులకూ వేసే రాయిగా అది పరదేశాలకు కూడా వెళ్లింది. దేశానికి అక్షరాలు దిద్దించిన ఊరు తన వీధుల చరిత్ర రాసుకోకపోతే ఎలా?

రాద్దామంటే ఆధారాలెక్కడ అంటారా? ఉన్నాయి. పన్ను కట్టినవాటికే కాగితం మిగిలిందన్నాను కదా, పన్ను మాఫీ అయినవాటికీ మిగిలింది. 1858 తర్వాత ఇనాం కమిషను ఊరూరా ఇనాం భూముల లెక్క తేల్చింది. గుడి మాన్యాలతో పాటు సత్రానికి, చెరువుకు, చివరికి చలివేంద్రానికి ఇచ్చిన చెక్కలు కూడా ఆ రిజిస్టర్లకెక్కాయి. అయితే వెతికేచోట వెతకాలి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి దాకా కర్నూలు జిల్లావి. అందులో కంభం, మార్కాపురం సీమలు 1858కి ముందు కడప జిల్లావి. పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది, అదీ వెంకటగిరి సంస్థానం కింద. ఒంగోలులో వెతికి ఏమీ లేదని తిరిగి రావద్దు.

రెండోది మీ ఇంట్లోనే ఉంది. ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత దస్తావేజు తీయండి. అమ్మినవారు, కొన్నవారు, రొక్కం అయ్యాక చెక్కుబందీ, అంటే హద్దుల వివరం వస్తుంది. తూర్పున ఫలానావారి సత్రం గోడ, దక్షిణాన బండ్ల చావిడికి పోయే దారి, పడమర ఫలానా అంగడి... ఇలా ఉంటుంది చూడండి. ఏ పన్నూ కట్టని, ఏ శాసనంలోనూ లేని కట్టడం పక్కింటి హద్దుగా బతికి ఉంటుంది. ఒక వీధిలో ఇరవై ఇళ్లవాళ్లు తమ దస్తావేజులు పక్కపక్కన పెడితే నూరేళ్ల కిందటి బజారు గోడలతో సహా లేచి నిలబడుతుంది.

మూడోది చట్టం. సత్రాలు 1987 దేవాదాయ చట్టం పరిధిలోకి వస్తాయి. మీ ఊరి సత్రం పేరు ఆ శాఖ రికార్డుల్లో ఉందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. ఇంగ్లండులో 2011 చట్టం ప్రకారం ఊరివాళ్లు తమకు విలువైన కట్టడమని ఒక పబ్బును నమోదు చేయించుకోవచ్చు. యజమాని అమ్మకానికి పెడితే దాన్ని కొనే ప్రయత్నం చేయడానికి వాళ్లకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. ఆ చట్టానికి ముందే, 2003లో, హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న ఊరివాళ్లు తలా కొంత వేసుకుని తమ పబ్బును సహకార సంఘంగా కొనేశారు. మన ఊళ్లో గుడి జీర్ణోద్ధారణకు చందాలు వేసుకోవడం మనకు కొత్త కాదు. గుడికి వచ్చినవాళ్లకు నీడనిచ్చిన సత్రానికీ ఆ చేయి చాపగలం. కూలగొట్టి కాంప్లెక్సు కట్టడమొక్కటే దారి కాదు. గ్రంథాలయం పెట్టొచ్చు, రైతుల విడిది చేయొచ్చు, పరీక్షలకు చదువుకునే పిల్లలకు గది ఇవ్వొచ్చు.

సంతలో ఆశీలు వసూలు చేసే మనిషి నేటికీ రశీదు చింపి ఇస్తాడు. 1555 నాటి స్థల సుంకానికి అతను వారసుడు. సర్కారు తన లెక్క తాను ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. మిగిలిన లెక్క మనం రాయాలి. ఈ నెలలోనే మొదలుపెట్టండి. బడి పంతుళ్లు పిల్లల్ని ఒక్కొక్క వీధికి పంపండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఎవరు కట్టారు, ఏం నడిచింది, ఎవరికి ఏ తలుపు, ఎప్పుడు మూతపడింది. చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. దస్తావేజులు పెట్టెల్లో ఉన్నాయి. పని మాత్రం మొదలవ్వాలి.